పాదానికి మెటాటార్సల్ ప్యాడ్: 14 నెలలు వాడాక నా అనుభవం

మొదట్లో బూటులో చిన్న గులకరాయి పడిందనుకున్నాను. విప్పి దులిపాను, ఏమీ రాలలేదు. కాలివేళ్ల మొదళ్ల కింద, అడుగు వేసేటప్పుడు బరువంతా ఆనే చోట ఆ నొప్పి. పొద్దున కొంచెం నయంగా ఉండి, సాయంత్రానికి మంటగా మారేది. రోజంతా నిలబడి చేసే పని నాది.

కాలివేళ్ల వెనక పాదంలో ఉండే పొడవాటి ఎముకలను మెటాటార్సల్స్ అంటారు. డాక్టర్ వాటిలో ఒక్కో ఎముక చివరా వేలితో నొక్కుతూ వచ్చారు. రెండో వేలి కింద నొక్కగానే కాలు వెనక్కి లాక్కున్నాను. దీన్ని మెటాటార్సాల్జియా అంటారట. అది జబ్బు పేరు కాదు, ఆ చోట వచ్చే నొప్పికి పెట్టిన పేరు మాత్రమేనని, కారణం వేరుగా వెతకాలని చెప్పారు. నా కారణాలు మూడు తేలాయి: రెండో వేలి ఎముక మొదటిదానికన్నా పొడవు, బిగుసుకుపోయిన పిక్క కండరాలు, ముందు భాగం ఇరుకుగా ఉండి అడుగు పలచబడిన బూట్లు. ఆ ఎముక చివర మీదే భారం పడీపడీ కీలు వాచింది. ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టేమీ లేదు.

అలా నా బూట్లలోకి వచ్చింది ఈ ప్యాడ్. కన్నీటి చుక్క ఆకారంలో ఉండే చిన్న దిండు, వెనకాల జిగురు. చూడ్డానికి ఇంతే కదా అనిపిస్తుంది. కానీ నేను దాన్ని రెండు వారాలు తప్పుగా వాడాను. నొప్పి ఉన్న చోటే మెత్త ఉండాలి కదా అని సరిగ్గా అక్కడే అతికించాను. నొప్పి ఇంకా పెరిగింది. ఎముక చివరను కింద నుంచి ఇంకాస్త పైకి నెడితే పెరగక ఏమవుతుంది! ప్యాడ్ ఉండాల్సింది ఆ చివరలకు కొంచెం వెనక, మడమ వైపు. అక్కడ ఎముకల మెడను ఎత్తి పట్టుకుంటే చివరల మీద భారం తగ్గుతుంది.

ఆ చోటు దొరకబుచ్చుకోవడానికి నాకు పనికొచ్చింది లిప్‌స్టిక్. నొప్పి పుట్టే చోట పాదానికి చుక్క పెట్టి, ఇన్‌సోల్ (బూటు లోపల పరిచే అట్ట) మీద నిలబడ్డాను. ఎర్రటి మచ్చ పడింది. ప్యాడ్ ముందు అంచు ఆ మచ్చకు కాస్త వెనగ్గా వచ్చేలా అతికించాను. అర సెంటీమీటరు జరిగినా కాలికి తేడా తెలిసిపోయేది. మొదటి వారం అరికాలి కింద ఏదో ముద్ద ఉన్నట్టు చిరాకు. మూడో వారానికి దాని సంగతే మర్చిపోయాను. పూర్తిగా నొప్పి లేని రోజు రావడానికి మాత్రం మూడు నెలలు దాటింది.

జెల్ రకం, ఫెల్ట్ (అదిమి చేసిన మందపాటి ఉన్ని గుడ్డ) రకం రెండూ వాడాను. జెల్ మెత్తన, కడుక్కోవచ్చు. కానీ చెమట పడితే జారిపోతుంది. నా ఓటు ఫెల్ట్‌కే. అది కదలదు, కత్తెరతో అంచు సరిచేసుకోవచ్చు. రెండు మూడు నెలలకు అణిగి అట్టలా అయిపోవడం దాని లోపం. వేలికి తొడుక్కునే రబ్బరు పట్టీ రకం కూడా చూశాను, వేళ్ల మధ్య ఒరుసుకుంది, వదిలేశాను.

ఇరుకు బూటులో ఇది పెట్టడం వృథా, అసలే లేని చోటును ఇంకా తినేస్తుంది. వేళ్లు విప్పారేంత వెడల్పు, గట్టి అడుగు ఉన్న బూట్లు కొన్నాకే ఫలితం కనిపించింది. రోజూ గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం, మంట ఎక్కువైన సాయంత్రం గుడ్డలో చుట్టిన ఐస్ 15 నిమిషాలు పెట్టడం కూడా చేశాను. నొప్పి మాత్రలు ఆపగానే మంట తిరిగొచ్చేది.

కొందరు సొంతంగా ప్యాడ్ అతికించుకోకూడదు. షుగర్ ఉండి పాదాలు మొద్దుబారినవాళ్లకు ఒరుసుకున్నా తెలియదు, పుండు పడుతుంది. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య కరెంటు కొట్టినట్టు జిల్లుమంటే అది నరం సమస్య కావచ్చు. పాదం పైభాగం వాచి, అడుగు వేయలేకపోతే ఎముకలో సన్నని చీలిక ఉండొచ్చు. బొటనవేలి కీలు ఒక్కసారిగా ఎర్రబడి వాస్తే గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ల వాపు) అయ్యే అవకాశముంది. ఇవన్నీ డాక్టర్ చూడాల్సినవే, దయచేసి ఆలస్యం చేయకండి.

నా రెండో వేలి కింద గట్టిపడిన చర్మం ఇప్పుడు చాలా పలచబడింది. ఆ చోట వేలితో గట్టిగా నొక్కినా కాలు వెనక్కి లాక్కోవడం లేదు.