జాగ్రత్త: కనీస వేతనంపై పనిచేసేవారు ‘సైకిల్ టు వర్క్’ పోస్టరును నమ్మి అడ్వాన్సు కట్టకండి

బ్రిటన్‌లో కేర్ హోముల్లో, గోదాముల్లో, హోటల్ వంటగదుల్లో గంటల లెక్కన పనిచేస్తున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ‘సైకిల్ టు వర్క్’ అన్న ఇక్కడి ప్రభుత్వ పథకం గురించి రెండు ముక్కల్లో చెబుతాను. కంపెనీ సైకిలు కొని మనకు అద్దెకిస్తుంది, ఆ డబ్బును పన్ను పడకముందే మన జీతంలోంచి నెలనెలా కోసుకుంటుంది, కోసిన మేరకు మనకు ఆదాయపు పన్నూ, నేషనల్ ఇన్సూరెన్సూ (పింఛను, ఇతర ప్రభుత్వ భత్యాల కోసం జీతంలోంచి కట్టే చందా) మిగులుతాయి. 1999 నుంచి ఉన్న ఏర్పాటే ఇది. నేను పనిచేసే కేర్ హోము స్టాఫ్ రూములో కెటిల్ పైన గోడకు ‘47 శాతం దాకా ఆదా’ అన్న పోస్టరు అంటించారు. ఆదివారం ఉదయం ఏడు గంటల షిఫ్టుకు అందే బస్సు మాకు లేదు, మిగతా రోజుల్లో రానూపోనూ ఆరు పౌండ్లు అవుతుంది. ఆ పోస్టరు ప్రత్యేకంగా నా బాగు కోరి అంటించారనే అనుకున్నాను.

షాపులో నచ్చిన సైకిలు అసలు ధర 600 పౌండ్లు, ఆ వారం సేల్‌లో 480. యజమానుల తరఫున పథకం నడిపే మధ్యవర్తి సంస్థ తమ దగ్గర కమిషన్ తీసుకుంటుంది కాబట్టి, ఆ పథకంలో కొనేవారికి సేల్ ధర ఇవ్వలేమని షాపతను చెప్పాడు. పన్ను ఎలాగూ మిగులుతుంది కదా అని 50 పౌండ్లు అడ్వాన్సు కట్టి, సైకిలు పక్కన పెట్టించి, ఆన్‌లైన్ ఫారం నింపాను. ఎత్తెంత, ఫ్రేము సైజెంత, హెల్మెట్ ఏ రంగు కావాలి అని అడిగిన ఆ ఫారం గంటకు జీతమెంత అని మాత్రం అడగలేదు.

తర్వాత హెచ్‌ఆర్ నుంచి పిలుపు వచ్చింది. సంతకం పెట్టించుకోవడానికేమో అనుకొని వెళ్లాను. అక్కడి అధికారిణి కంప్యూటర్ తెరను నా వైపు తిప్పి, నా పే స్లిప్పులో 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన, గంటకు 12.21 పౌండ్లు అన్న అంకె దగ్గర పెన్ను ఆనించి, “మీది సరిగ్గా కనీస వేతనం, ఇందులోంచి ఒక్క పెన్నీ కోసినా చట్టవిరుద్ధం అవుతుంది, అందుకని మీ దరఖాస్తు తిరస్కరించాం” అంది. అక్కడితో ఆపినా సర్దుకుపోయేవాణ్ణేమో. “ఈ నిబంధన మీ రక్షణ కోసమే” అని కూడా అంది, పైగా ఎంతో దయగా! మా స్టాఫ్ రూములో కూర్చొనే వారిలో దాదాపు అందరిదీ ఇదే జీతమైతే ఆ పోస్టరు అక్కడెందుకని అడిగాను. పోస్టర్లు అన్ని బ్రాంచీలకూ ఒకేలా వస్తాయనీ, హెడ్డాఫీసులో చాలామంది ఈ పథకాన్ని వాడుకున్నారనీ, మా ఏరియా మేనేజరు కూడా ఈ మధ్యే ఎలక్ట్రిక్ సైకిలు తీసుకున్నారనీ చెప్పి, “మీకు ప్రమోషన్ వచ్చాక మళ్లీ అప్లై చేయండి” అని నవ్వింది. ఆ మేనేజరు మా హోముకు వచ్చేది కారులోనే.

ఆ రాత్రి కూర్చొని లెక్క వేస్తే అసలు విషయం బయటపడింది. ఏడాదికి 50,270 పౌండ్లు దాటి సంపాదించేవారికి ఆ పై జీతం మీద 40 శాతం పన్ను, 2 శాతం ఇన్సూరెన్సు మిగులుతాయి. సైకిలు ధర మీద ఉన్న వెయ్యి పౌండ్ల పరిమితిని 2019లో ఎత్తేశారు కాబట్టి వారు 3,000 పౌండ్ల సైకిలు తీసుకుంటే 1,260 పౌండ్లు మిగులుతాయి. 20 శాతం పన్ను శ్లాబులో ఉండి, జీతం కోసినా కనీస వేతనానికి దిగువకు పోని ఉద్యోగికి మిగిలేది ఇన్సూరెన్సుతో కలిపి 28 శాతమే. నా 600 పౌండ్ల సైకిలే ఆ ఉద్యోగి కొంటే 432 పడుతుంది, చివర్లో సైకిలు తన దగ్గరే ఉంచుకోవడానికి సాధారణంగా అడిగే 7 శాతం, అంటే 42 పౌండ్లు కలిపితే 474 అవుతుంది. షాపులో నగదుకు సేల్ ధర 480. ఇంత తతంగానికి ఆరు పౌండ్ల లాభం! ఇక కనీస వేతనం వారికి సున్నా. పోస్టరు మీది ఆ 47 శాతం 1,25,140 పౌండ్లు దాటిన జీతం మీద మాత్రమే వస్తుంది. మా కేర్ హోములో అంత సంపాదించేవారెవరో నాకైతే కనబడలేదు. కడుపు నిండినవాడికే కొసరి కొసరి వడ్డించే పద్ధతి ఇది. మన జీతంలో కోత పడిన మేరకు కంపెనీకి కూడా తన వాటా ఇన్సూరెన్సు 15 శాతం మిగులుతుందన్నది పోస్టరులో ఎక్కడా లేదు.

కనీస వేతనానికి దిగువకు జీతం కోయకూడదన్న నిబంధనను నేను తప్పుపట్టడం లేదు, అది లేకపోతే యజమానులు ఏమేం కోసేవారో ఊహించగలను. తప్పల్లా ప్రభుత్వం సైకిలు మీద ఇచ్చే రాయితీని జీతపు కోతకు ముడిపెట్టడంలో ఉంది. 12,570 పౌండ్ల లోపు సంపాదించే విద్యార్థికి ఆదాయపు పన్నే పడదు కాబట్టి ఆ వైపు నుంచి మిగలడానికేమీ ఉండదు. రోజంతా వానలో సైకిలు తొక్కి భోజనాలు అందించే స్వయం ఉపాధి డెలివరీ కుర్రాళ్లకైతే జీతం కోయడానికి యజమానే లేడు కాబట్టి వాళ్లకు ఈ పథకం అసలే వర్తించదు. పనికి సైకిలు తప్ప వేరే దారి లేనివారినే ఏరి ఏరి బయట నిలబెట్టి, దీన్ని అందరి పథకమని ఎలా ప్రచారం చేస్తారో నాకు అర్థం కాదు.

షాపుకు తిరిగి వెళ్తే అడ్వాన్సు వెనక్కి ఇచ్చేది లేదన్నారు, అదే సైకిలు కొంటే ధరలో తగ్గిస్తామన్నారు. ఈలోగా సేల్ ముగిసింది. 50 పౌండ్లు పోగొట్టుకోవాలా, లేక 120 పౌండ్లు ఎక్కువ పెట్టి కొనాలా అన్న నిర్ణయం మాత్రం పెద్ద మనసుతో నాకే వదిలేశారు.

మీరెవరైనా ఆ ప్రయత్నంలో ఉంటే, షాపు గడప తొక్కకముందే మీ గంట జీతానికీ కనీస వేతనానికీ మధ్య తేడా ఎంతుందో హెచ్‌ఆర్ చేత ఈమెయిల్‌లో రాయించుకోండి. తేడా ఉన్నా, మధ్యలో ఉద్యోగం మానేస్తే మిగిలిన వాయిదాలను పన్ను మినహాయింపు లేకుండా చివరి జీతంలోంచి ఒకేసారి కోస్తారనీ, ప్రసూతి భత్యాన్ని కోత పడిన జీతం మీదే లెక్కగడతారనీ గుర్తుంచుకోండి. తేడా లేనివారు కంపెనీని వడ్డీ లేని అప్పు అడిగి చూడండి. ఆ అప్పు వాయిదాలకు కనీస వేతనం నిబంధన అడ్డురాదు, ఆ డబ్బుతో సేల్ ధరకే కొనుక్కోవచ్చు.