పత్తి చేనుకు లింగాకర్షక బుట్టా, దీపపు ఎరా?

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో పత్తికాయల్ని తొలిచే గులాబీ రంగు పురుగంటే రైతుకు టెన్షనే. దాని రెక్కల పురుగుల్ని పట్టడానికి రెండు దార్లున్నాయి: దీపపు ఎర, ఆడపురుగు వాసనతో మగదాన్ని రప్పించే లింగాకర్షక బుట్ట.

దీపపు ఎర సులువు. చీకటి పడ్డాక బల్బు వెలిగించి, కింద కాస్త కిరోసిన్ కలిపిన నీళ్ల పళ్లెం పెడితే సరి. ఆడా మగా రెండూ పడతాయి. వాటితోపాటు మనకు మేలు చేసే పురుగులూ చస్తాయి. వెన్నెల రాత్రుల్లో పెద్దగా పడవు. పైగా చేను మధ్యకు కరెంటు ఎక్కడినుంచి తెస్తాం?

బుట్ట సంగతి వేరు. ఆడపురుగు పొట్ట చివరనున్న గ్రంథి నుంచి రాత్రిపూట ఒక వాసన వదులుతుంది. మన ముక్కుకు అందదు గానీ, మగపురుగు మీసాలు పట్టేస్తాయి. గాలికి ఎదురెగురుతూ వాసన దారి వెంటే వస్తుంది. 1959లో జర్మనీలో శాస్త్రవేత్త బుటెనాంట్ బృందం పట్టుపురుగులో ఇలాంటి రసాయనాన్ని తొలిసారి గుర్తించింది. బుట్టలోని రబ్బరు బిళ్లకు పట్టించేది గులాబీ రంగు ఆడపురుగు వాసనకు నకలే.

పడేవి మగవే. ఇంకెక్కడో జతకట్టి వచ్చిన ఆడది గుడ్లు పెట్టనే పెడుతుంది. అయినా నా ఓటు బుట్టకే, మందు ఎప్పుడు కొట్టాలో అది చెబుతుంది కాబట్టి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున పడితే ఇక ఆలస్యం చేయకూడదు.

బిళ్ల కొనేటప్పుడు ఏ పురుగుదో అడగండి. పచ్చపురుగు బిళ్లకు గులాబీ రంగు పురుగు రాదు.