గేరు లివరు సరిచేసుకోవాలా, ఫుట్‌రెస్టులే మార్చాలా: ఏది మేలు?

మోటార్‌సైకిల్ మీద గేరు వేసేటప్పుడు చీలమండ లాగుతుంటే దానికి ఒక పని, దూరప్రయాణంలో మోకాళ్లు పట్టేస్తుంటే మరో పని. ఈ రెండింటినీ కలిపేసి చాలామంది నేరుగా కొత్త ఫుట్‌రెస్టులు కొనేస్తారు. చీలమండ బాధ చాలావరకు లివర్ల ఎత్తు వల్ల వస్తుంది. మోకాలి వంపును నిర్ణయించేది మాత్రం సీటుకూ ఫుట్‌రెస్టుకూ మధ్య ఉన్న దూరం. అది సరిగా లేకపోతే లివర్లను ఎంత సరిచేసినా లాభం లేదు.

కాబట్టి ముందు రోజూ వేసుకునే బూట్లతోనే బండెక్కి కూర్చోండి. ఎడమ పాదం ఫుట్‌రెస్టు మీద ఉండగా బూటు ముందుభాగం లివరు కిందికి తేలిగ్గా దూరాలి. అందుకోసం మోకాలిని పక్కకు తిప్పాల్సివస్తే లివరు మరీ కిందికి ఉన్నట్టే. పలుచని చెప్పులతో చక్కగా అనిపించిన ఎత్తు మందపాటి బూట్లతో ఇరుకవుతుంది.

లివరును పైకీ కిందికీ జరపడానికి రెండు దారులున్నాయి. లివరుకూ గేరుబాక్సుకూ మధ్య రాడ్డు ఉన్న బండి అయితే, రెండు చివరలా ఉన్న లాక్‌నట్లు (రాడ్డు కదలకుండా పట్టి ఉంచే నట్లు) వదులు చేసి రాడ్డును తిప్పితే చాలు. సాధారణంగా ఒక చివర మరలు ఎడమవాటంగా ఉంటాయి కాబట్టి ఆ నట్టు వదులుకావాలంటే స్పానర్‌ను మామూలుకు వ్యతిరేకంగా తిప్పాలి. పెద్ద మేలు ఏమిటంటే, ఇందులో వెంట్రుకవాసి మార్పు కూడా సాధ్యం. రాడ్డు కొన జాయింటు లోపల తగినన్ని మరలు మిగిలేలా మాత్రం చూసుకోవాలి.

రెండోది, లివరును గేరుబాక్సు నుంచి బయటికి వచ్చే ఇరుసు మీది పళ్ల నుంచి ఊడదీసి ఒక పన్ను అటో ఇటో తప్పించి బిగించడం. ఒక్క పన్ను జరిపినా లివరు కొన దగ్గర తేడా చాలా కనిపిస్తుంది, సగం పన్ను జరపడమంటూ ఉండదు. ఊడదీసే ముందు పాత స్థానం దగ్గర గుర్తు పెట్టుకోండి. బోల్టు సరిగా బిగించకపోతే పళ్లు అరిగిపోయి లివరు జారుతుంది. రాడ్డు ఉన్న బండికి రాడ్డే మేలని నా గట్టి అభిప్రాయం. రాడ్డు లేకుండా లివరు నేరుగా ఇరుసుకే బిగించి ఉంటే పళ్ల దారి తప్పదు.

కుడికాలి బ్రేకు దగ్గర సౌకర్యం కంటే భద్రత ముఖ్యం. పెడల్ మరీ ఎత్తుగా ఉంటే పాదం తెలియకుండానే దాన్ని నొక్కుతూ ఉంటుంది, బ్రేకు రాసుకుంటూ వేడెక్కుతుంది, వెనక లైటు వెలుగుతూనే ఉండి వెనకాల వచ్చేవారిని తికమకపెడుతుంది. డిస్క్ బ్రేకు అయితే మరింత జాగ్రత్త. పెడల్ వదిలేసినప్పుడు మాస్టర్ సిలిండర్‌ను (బ్రేకు ఆయిలును చక్రం వైపు నెట్టే భాగాన్ని) నొక్కే రాడ్డుకు కొంచెం ఖాళీ ఉండాలి. పెడల్‌ను కిందికి దించాలన్న తొందరలో ఆ ఖాళీ పోగొడితే ఆయిలు వెనక్కి వెళ్లే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. వేడికి ఆయిలు వ్యాకోచించి, కాలు పెట్టకుండానే బ్రేకు పట్టేస్తుంది. నడుస్తున్న బండి చక్రం బిగుసుకుపోయే ప్రమాదమిది. డ్రమ్ బ్రేకు అయితే పెడల్ ఎత్తు మార్చాక చక్రం దగ్గరి నట్టుతో ఖాళీని మళ్లీ సరిచేయాలి. ఏ బ్రేకైనా చివర్లో లైటు స్విచ్ చూసుకోవాలి.

ఇంత చేశాక కూడా మోకాళ్లు నొప్పి పెడుతుంటే, అప్పుడు ఫుట్‌రెస్టులు మార్చడం న్యాయం. కిందికి దించితే మోకాలు విప్పారుతుంది, కానీ మలుపులో బండి వాలినప్పుడు ఫుట్‌రెస్టు తొందరగా నేలను తాకుతుంది. వెనక్కీ పైకీ జరిపితే వాలడానికి చోటు పెరుగుతుంది, మోకాలు మాత్రం ఇంకా ముడుచుకుంటుంది. బాగా ముందుకు జరిపితే కాళ్లు చాపుకోవచ్చు గానీ బరువంతా నడుము మీద పడుతుంది, గతుకుల్లో కాళ్ల మీద లేచి నిలబడే వీలుండదు. రోజూ నగరంలో తిరిగేవారికి కొద్దిగా దించినవే నయం. మలుపుల దారుల్లో వేగంగా వెళ్లేవారు ఆ పని చేయకపోవడమే మంచిది. ఎటు జరిపినా గేరు లివరునూ బ్రేకు పెడల్‌నూ కొత్త పాదం స్థానానికి తగ్గట్టు మళ్లీ మొదటి నుంచి సరిచేయాలి.