బ్లాస్ట్: బయోటెక్నాలజీ చదివేవాళ్లు ముందు నేర్చుకోవాల్సిన ఉచిత సర్వీసు

బయోటెక్నాలజీ పిల్లలు తరచూ అడిగే ప్రశ్న, "ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి సార్?" అని. ఏదీ కొనొద్దు, ముందు బ్లాస్ట్ వాడండి. అమెరికా ప్రభుత్వ జీవ సమాచార కేంద్రం ఎన్‌సీబీఐ నడిపే సర్వీసు ఇది. అకౌంట్ తెరవక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. డీఎన్‌ఏ వరసనో (ఎ, టి, జి, సి అక్షరాల పట్టీ) ప్రొటీన్ వరసనో బాక్సులో పేస్ట్ చేసి బటన్ నొక్కితే, డేటాబేస్‌లో దానికి దగ్గరగా ఉన్నవాటిని వెతికి, ఒకదాని కింద ఒకటి పేర్చి చూపిస్తుంది. 1990లో ఆల్ట్‌షుల్, ఆయన సహచరులు ప్రచురించిన పద్ధతి, ఇప్పటికీ దీన్ని దాటి పని మొదలుపెట్టే ల్యాబ్ అరుదు. నా రేటింగ్ 5కి 4.5.

పేర్చిన ఆ వరసల్లో తేడాలు మూడే రకాలు: ఒక అక్షరం అదనంగా చేరడం, ఒకటి పోవడం, ఒకదాని చోట ఇంకొకటి రావడం. స్కూల్లో సంధులు చదివినవాళ్లకు ఇవి కొత్త కాదు. మాయమ్మలో య వచ్చి చేరింది, అది ఆగమం. రాముడెక్కడలో ఉకారం పోయింది, అది లోపం. వాడుగొట్టెలో క చోట గ వచ్చింది, అది ఆదేశం. ఒక మాట ఇంకో మాటగా మారడానికి ఈ మూడు పనులు కనీసం ఎన్నిసార్లు చేయాలో లెక్కపెట్టే కొలతను 1965లో రష్యా గణితవేత్త లెవెన్‌స్టైన్ ఇచ్చాడు, తప్పుగా టైప్ చేసిన మాటకు దగ్గరి మాట వెతకడానికి ఆ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.

కొత్తవాళ్లు మనిషి బీటా గ్లోబిన్‌తో మొదలుపెట్టండి. మన రెండు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బుకు మూలం ఆ జీన్‌లో ఒకే ఒక్క ఆదేశం, జీఏజీ కాస్తా జీటీజీ అవుతుంది. మామూలు ప్రొటీన్‌నీ సికిల్ ప్రొటీన్‌నీ పోల్చి చూడండి, వరస మొత్తం కలిసి, రెండు వరసల మధ్య కలిసిన అక్షరాలు చూపించే పంక్తిలో ఒక్కచోట మాత్రం ఏమీ ఉండదు. పుస్తకాల్లో 6వ స్థానం అని ఉంటుంది, ఇక్కడ 7 కనిపిస్తుంది. కంగారు పడొద్దు, డేటాబేస్ వరసలో మొదట వచ్చే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని కూడా లెక్కపెడతారు, అంతే.

అసలు జాగ్రత్త పడాల్సింది, ఒక వరసలో అక్షరం లేని చోట బ్లాస్ట్ పెట్టే అడ్డగీతల దగ్గర. మీ వరసలో అడ్డగీత ఉంటే "ఇక్కడ అక్షరం పోయింది" అని రాసేస్తారు చాలామంది. బ్లాస్ట్ ఆ మాట చెప్పలేదు. మీ దాంట్లో పోయిందో, అవతలిదాంట్లో చేరిందో రెండు వరసలు చూసి తేల్చలేం, అందుకే ఈ రెంటినీ కలిపి ఇండెల్ అంటారు. తాళపత్రాలు పరిష్కరించేవాళ్లకు ఈ చిక్కు బాగా తెలుసు: ఒక ప్రతిలో పద్యం ఉండి ఇంకోదాంట్లో లేకపోతే అది ప్రక్షిప్తమా (ఎవరో తర్వాత చేర్చిందా), గ్రంథపాతమా (రాసేటప్పుడు జారిపోయిందా)? మూడో ప్రతి, నాలుగో ప్రతి తెచ్చి చూడాల్సిందే. ఇక్కడా అంతే, కొంచెం దూరపు బంధువైన జీవి వరస తెచ్చి పక్కన పెట్టాలి.

నాకు బాగా నచ్చింది ఈ అడ్డగీతల ఖాళీలకు బ్లాస్ట్ వేసే జరిమానా, అంటే పోలిక స్కోరులో తగ్గించే పాయింట్లు. లెవెన్‌స్టైన్ లెక్కలో 25 అక్షరాలు పోతే 25 తప్పులు. కానీ ప్రకృతిలో అవి ఒక్కో అక్షరంగా పోనక్కర్లేదు, ఒకే దెబ్బకు పోవచ్చు. 2009లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ బృందం ప్రచురించిన ఫలితమే చూడండి: ఎంవైబీపీసీ3 అనే గుండె కండరపు జీన్‌లో 25 అక్షరాల లోపం, దక్షిణాసియాలో సుమారు 4 శాతం మందిలో ఉంది, ఉన్నవాళ్లకు గుండె కండరం దెబ్బతినే ముప్పు ఎక్కువ. ఇలాంటిదాన్ని బ్లాస్ట్‌ఎన్ (డీఎన్‌ఏ వరసల్ని పోల్చే బ్లాస్ట్ రకం) మామూలు సెట్టింగుల్లో ఖాళీ తెరిచినందుకు 5, ఒక్కో అక్షరానికి 2 చొప్పున, మొత్తం 55 జరిమానాతో లెక్కిస్తుంది. అదే 25 విడివిడి ఖాళీలైతే 175. ఒకే సంఘటనకు తక్కువ, చెల్లాచెదురు తప్పులకు ఎక్కువ, ఎంత సబబుగా ఉందో! ఈ అంకెల్ని పేజీ అడుగున మీరే మార్చుకోవచ్చు, మార్చి చూస్తేనే విషయం ఒంటబడుతుంది.

అర పాయింటు ఎందుకు తగ్గించానంటే, డీఎన్‌ఏ పేజీ తెరవగానే మెగాబ్లాస్ట్ అనే వేగంగా వెతికే రకం ఎంపికై ఉంటుంది. అది దాదాపు ఒకేలా ఉన్న వరసలకు బాగుంటుంది, దూరపు జాతుల మధ్య వెతికేటప్పుడు చాలా జారవిడుస్తుంది, అలాంటప్పుడు బ్లాస్ట్‌ఎన్‌కి మార్చుకోండి. ఫోన్ తెరమీద 60 అక్షరాల వరసలు చదవడం కళ్లకు శిక్ష, ల్యాప్‌టాప్ మీదే చేయండి. ఫలితాలు ఎక్కువ కాలం దాచి ఉంచరు, వెంటనే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ప్రోగ్రామ్ రాసి 50కి మించి వెతుకులాటలు పంపేవాళ్లను అమెరికా రాత్రివేళల్లో గానీ వారాంతాల్లో గానీ పంపమంటారు, ఆ రాత్రి మనకు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, సరిగ్గా కాలేజీ టైమే. పేషెంట్ల డీఎన్‌ఏ మాత్రం దయచేసి వెబ్‌లో పేస్ట్ చేయకండి, బ్లాస్ట్ ప్లస్ అని ఉచితంగానే దొరుకుతుంది, మీ కంప్యూటర్‌లో వేసుకుని అక్కడే పోల్చుకోండి.