నాలుగేళ్లు కూపన్లు తూచాక

మే నెలలో, గుంటూరులో, ఫ్యాన్ ఆపేసి కూర్చోమంటే ఎవరైనా తిడతారు. నాలుగేళ్లుగా నా పని అదే. ఫ్యాన్ తిరిగితే బ్యాలెన్స్‌లో నాలుగో దశాంశం నిలవదు మరి. చెమట చుక్క కూపన్ మీద, అంటే పరీక్షకు వాడే చిన్న స్టీల్ ముక్క మీద పడిందా, మళ్లీ ఎమరీ పేపర్ దగ్గర్నుంచి మొదలు.

యాసిడ్‌లో స్టీల్ కరిగిపోకుండా ఇన్హిబిటర్ ఎంతవరకు ఆపుతుందో చూడటానికి నేను వాడేది బరువు తగ్గుదల పద్ధతి. మైల్డ్ స్టీల్ ముక్కను రుద్ది, అసిటోన్‌తో కడిగి, తూచి, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో దారంతో వేలాడదీయాలి. కొన్ని గంటల తర్వాత తీసి, శుభ్రం చేసి మళ్లీ తూచాలి. ఉత్త యాసిడ్‌లో 120 మిల్లీగ్రాములు పోయి, ఇన్హిబిటర్ కలిపిన దాంట్లో 18 పోతే, 85 శాతం కాపాడినట్టు. నా ఇన్హిబిటర్ మిరపకాయ తొడిమల కషాయం. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో తొడిమలకు కొదవా!

ఖర్చు తక్కువ, విద్యుత్తుతో తుప్పును కొలిచే పొటెన్షియోస్టాట్ కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. అంతవరకు బాగుంది.

ఏడిపించింది వాటర్ బాత్, అంటే యాసిడ్ గ్లాసుల్ని ఒకే వేడిలో ఉంచే నీళ్ల తొట్టి. అందులో హీటర్ ఉంటుంది గానీ చల్లబరిచేదేదీ ఉండదు. గదే 40 డిగ్రీలుంటే 30కి సెట్ చేసి ఏం లాభం? మొదటి వేసవిలో ఇన్హిబిటర్ కాపాడే శాతం జనవరి కంటే బాగా తగ్గి వస్తుంటే, తొడిమలు పాతబడ్డాయేమో అనుకున్నాను. తీరా థర్మామీటర్ ముంచి చూస్తే అసలు సంగతి తెలిసింది. వేడికి, స్టీల్‌ను పట్టుకున్న కషాయం అణువులు ఊడిపోతున్నాయి. ఆ పట్టు బలహీనమైనదని, భౌతిక అధిశోషణమే (రసాయన బంధం లేకుండా ఉపరితలానికి అంటుకోవడమే) కావచ్చని నాకు మొదట అనుమానం వచ్చింది ఆ పాడైన రీడింగుల వల్లే.

అణువులు ఉపరితలాన్ని ఎలా పట్టుకుంటాయో చూడటానికి గీసే లాంగ్మ్యూర్ గ్రాఫ్ విషయంలో మాత్రం జాగ్రత్త. ఇన్హిబిటర్ గాఢతను కవరేజీతో (స్టీల్ మీద అణువులు కప్పిన భాగంతో) భాగించి, దాన్ని మళ్లీ గాఢతకే ఎదురుగా గీస్తాం. రెండు అక్షాల మీదా గాఢతే ఉన్నప్పుడు, కవరేజీ పెద్దగా మారకపోతే గీత ఎలాగూ తిన్నగానే వస్తుంది. నేనూ గీత ఎంత తిన్నగా ఉందో చెప్పే అంకె 0.99 రావడం చూసి మురిసిపోయినవాణ్నే. పైగా కషాయంలో ఎన్ని పదార్థాలున్నాయో! మోలార్ గాఢత లేకుండా పట్టు బలాన్ని చెప్పే ఫ్రీ ఎనర్జీ లెక్కకట్టి, మోల్‌కు −20 కిలోజౌళ్ల దగ్గరుంది కాబట్టి భౌతికం, −40 దగ్గరుంది కాబట్టి రసాయనికం అనడం నాకు మనసొప్పదు.

ప్రతి గాఢతకూ మూడు కూపన్లు పెట్టండి. డబ్బుంటే చల్లబరిచే చిల్లర్ ఉన్న బాత్ కొనండి. లేదంటే వేసవిలో 45 డిగ్రీల సిరీస్ చేసుకుని, 30 డిగ్రీలది సంక్రాంతికి పెట్టుకోండి.