క్యాసినోలో డీలరా, క్యాషియరా, మిషన్ టెక్నీషియనా... ఏది మేలు?

తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివేసి గోవా క్యాసినోలకి అప్లై చేసే పిల్లోళ్ళు అడిగేది ఒకటే, అన్నా అన్నీ మిషన్లే చేసేస్తే మా గతేంది అని. అన్ని పనులూ ఒక్కసారే పోవబ్బా, దేని లెక్క దానిదే.

క్యాషియర్ గురించి జాస్తి ఆలోచించే పనే లేదు, వద్దు. అమెరికాలో ఒకప్పుడు స్లాట్ మిషన్లో, అంటే డబ్బులేసి ఆడే జూదం మిషన్లో, నాణేలే వేసేవాళ్ళు, చిల్లర ఇచ్చేదానికి, నాణేలు లెక్కేసేదానికి, మోసేదానికి మనుషులు కావాల్సొచ్చేది, 2000 తర్వాత గెలిచిన డబ్బుకి నాణేల బదులు మిషనే టికెట్ కొట్టిచ్చే పద్ధతి అంతటా వచ్చేసరికి ఆ పనులు దాదాపు పోయినాయి. మన నాన్‌స్టాప్ బస్సుల్లో డ్రైవరే టికెట్ కొట్టి బండి తీస్తాడే, కండక్టర్ ఏమైనాడు? అంతే ఇదీ.

డీలర్ అంటే టేబుల్ దగ్గర పేక ముక్కలు పంచేవాడు, వాడి కథ వేరే. ముక్కలు కలిపే మిషన్లు 1990ల్లోనే వచ్చేసినా డీలర్ పోలేదు, ఎందుకంటే డబ్బులు పెట్టినోడికి ఎదురుగా మనిషి ఉండాల, మాట కలపాల, గెలిస్తే నలుగురు చూస్తుండగా టిప్ ఇయ్యాల. కాకపోతే అమెరికాలో క్యాసినోల ఊరు లాస్ వేగాస్‌లో ఇప్పుడు ఒక్క డీలర్ ముక్కలేస్తా ఉంటే చుట్టూ స్క్రీన్ల ముందు కూర్చున్న జనమంతా దానిమీదే పందెం కాస్తారు, అంటే పని ఉంటుంది గానీ ఆ పనికి ఇంతమంది అక్కర్లేదు.

ఇంకోటి, శానామంది పట్టించుకోనిది, ఇదంతా మిషన్ తెలివి ఒక్కదానిమీదే లేదు, చట్టం మీద కూడా ఉంది. గోవాలో 1976 జూద చట్టానికి తర్వాత చేసిన సవరణల ప్రకారం ఫైవ్ స్టార్ హోటళ్ళలో ఎలక్ట్రానిక్ మిషన్లకే పర్మిషన్, మనిషి ముక్కలేసే టేబుళ్ళు మాండవి నది మీద పడవల్లోనే. చైనా కింద ఉండే క్యాసినోల ఊరు మకావులో అయితే డీలర్లుగా అక్కడి వాళ్ళనే పెట్టుకోవాల, మనకి ఛాన్సే లేదు. ఇంట్లో కూర్చొని ఆన్‌లైన్‌లో డీలర్‌గా చేస్తానంటావా, డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే ఆపేసింది, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది.

టెక్నీషియన్ పనికి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయినా ఉండాల. మిషన్లు పెరిగేకొద్దీ ఈ పని నిలబడేదే, కానీ హాలుకి కొద్దిమందుంటే చాలు కాబట్టి పోస్టులు తక్కువ, టిప్పులూ రావు.

వేగాస్ హోటల్ కార్మికుల యూనియన్ కొత్త మిషన్ తెచ్చేముందు మాకు చెప్పాల, ట్రైనింగ్ ఇయ్యాల అని అగ్రిమెంట్లోనే రాయించుకునింది, మనోళ్ళకి ఆ అండ యాడుంది?

నా మాటైతే డిప్లొమా ఉన్నోడు టెక్నీషియన్‌కే పోవాల. లేనోడు పడవ మీద డీలర్‌గా చేరొచ్చు, అది కూడా వయసులో ఉన్నప్పుడు నాలుగేళ్ళు, నైట్ షిఫ్టులకి ఒళ్ళు తట్టుకునేంతవరకే. ఇంటర్వ్యూలో జీతం అడిగేముందు, మీ దగ్గర మనుషులుండే టేబుళ్ళెన్ని, స్క్రీన్లెన్ని అని అడుగు, స్క్రీన్లే జాస్తి ఉంటే ఇంకో చోటు చూసుకో.