28 అంగుళాల రేడియం ప్లాటర్ రివ్యూ: కట్ సగమే పడితే ముందు ఫోర్స్ పెంచకండి

ముందే చెప్పేస్తాను, కంప్యూటర్‌లో గీసిన అక్షరాలని రేడియం స్టిక్కర్ షీటు మీద బ్లేడుతో కోసిచ్చే ఈ ప్లాటర్ మెషీన్ కొనొచ్చు. కానీ డబ్బాలో దాంతోపాటు వచ్చే బ్లేడునీ, మాన్యువల్‌నీ, అమ్మినవాళ్ళు ఫోన్‌లో ఇచ్చే సలహానీ నమ్ముకుంటే మాత్రం కొన్నాళ్ళకే విసుగొచ్చి మూలన పెట్టేస్తారు. ఖమ్మంలో మాది రేడియం షాపు. ఆటోల వెనక పేర్లు, ట్రాక్టర్ ట్రాలీలకు రిఫ్లెక్టివ్, స్కూలు బస్సుల మీద అక్షరాలు, షాపుల అద్దాల మీద టైమింగులు, ఇవీ మా పనులు. తీసుకున్నది ముప్పై వేల లోపు దొరికే చైనా ప్లాటర్, స్టెప్పర్ మోటారుది, 720 మోడల్, కట్ అయ్యే వెడల్పు 630 మిల్లీమీటర్లు. ఇదే బాడీ మీద ఒక్కో డీలర్ ఒక్కో పేరు అంటించి అమ్ముతున్నారు కాబట్టి పేరు రాయడం లేదు.

ఈ రకం మెషీన్లు వాడే ఎవరిని అడిగినా వినిపించే ఫిర్యాదు ఒకటే, కట్ పూర్తిగా పడట్లేదు. అక్షరం చుట్టూ మిగిలిన వేస్టు పీకుతుంటే దాంతోపాటు అక్షరం కూడా లేచొస్తుంది, 'ఠ'లో చుక్క ఎటో పోతుంది, మూలల దగ్గర తెగకుండా సాగుతుంది. మా మెషీన్‌కీ మొదట్లోనే ఈ బాధ వచ్చింది. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే "ఫోర్స్ పెంచండన్నా" అన్నారు, ఫోర్స్ అంటే బ్లేడు షీటుని నొక్కే బలం. పెంచాక మళ్ళీ చేస్తే ఇంకా పెంచమన్నారు, ఆ తర్వాత "హెడ్ పోయి ఉంటుంది, పంపండి, చూసి చెప్తాం" అన్నారు. హెడ్‌కి, అంటే బ్లేడుని పట్టుకుని కదిలే భాగానికి, ఏమీ కాలేదు. ఇలాంటి సలహాలతో ఎంతమంది కుర్రాళ్ళు అప్పు చేసి కొన్న మెషీన్‌ని సగం ధరకి అమ్ముకుని ఉంటారో అనిపించి ఇదంతా వివరంగా రాస్తున్నాను.

ఫోర్స్ పెంచితే ఏమవుతుందో ముందు చూడండి. మనం వాడే మామూలు రేడియం షీటు మందం 80 నుంచి 100 మైక్రాన్లు, దాని కింద జిగురు, ఆ కింద రిలీజ్ పేపర్ (అంటించేముందు తీసేసే కాగితం). బ్లేడు షీటునీ జిగురునీ కోసి పేపర్ మీద సన్నగా గీత పడేసి ఆగాలి. ఫోర్స్ ఎక్కువైతే పేపర్ కూడా తెగి, బ్లేడు కిందున్న తెల్లటి స్ట్రిప్‌లోకి దిగి గాడి చేస్తుంది. తర్వాతి పనిలో బ్లేడు ఆ గాడి మీదకి వచ్చినప్పుడు కింద ఆనుకునే ఆధారం ఉండదు, షీటు లోపలికి ఒంగుతుంది కానీ తెగదు. అక్కడ కట్ పడలేదని మళ్ళీ ఫోర్స్ పెంచుతాం, గాడి ఇంకా లోతవుతుంది. ఇలా మనమే మెషీన్‌ని పాడు చేసుకుంటాం.

అందుకే ఎక్కడ తెగలేదో చూడకుండా సెట్టింగ్ ముట్టుకోకూడదు. ఏ డిజైన్ పెట్టినా వెడల్పులో ఒకే చోట కట్ రావట్లేదంటే అది దాదాపు స్ట్రిప్ గొడవే. ఆ స్ట్రిప్ మీద గోరుతో గీసుకుంటూ వెళ్ళండి, గాడి ఉన్నచోట గోరు తగులుకుంటుంది. చిన్న చిన్న పనులన్నీ ఆరిజిన్ (కట్ మొదలుపెట్టే సున్నా పాయింట్) పక్కనే మొదలవుతాయి కాబట్టి ముందు అరిగేది ఆ వైపే. అర్జెంటు పని చేతిలో ఉంటే ఆరిజిన్‌ని నాలుగైదు అంగుళాలు పక్కకి జరిపి కట్ చేసి ఇచ్చేయొచ్చు, కానీ అది ఆ పూటకే. పాతది పీకేసి, అడుగున మిగిలిన జిగురంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త స్ట్రిప్‌ని సాగదీయకుండా అంటించాలి. సాగదీసి అంటిస్తే కొన్నాళ్ళకి చివర్లు ముడుచుకుని మధ్యలో ఎత్తుపల్లాలు వస్తాయి. మాకు వచ్చిన మెషీన్‌లో ఫ్యాక్టరీ స్ట్రిప్పే ఒకచోట ఉబ్బి ఉంది, మార్చగానే సగం సమస్య పోయింది. ఇంత చిన్న వస్తువుని డబ్బాలో స్పేర్‌గా ఒకటి ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు, ఈ విషయంలో మార్కులు గట్టిగానే కోస్తున్నాను.

ఎడమ చివర బాగా పడి కుడి చివర పడకపోతే పించ్ రోలర్లు (షీటుని పైనుంచి నొక్కి పట్టే చక్రాలు) చూడండి. అవి కింద గరుకు రోలర్ ఉన్న భాగం మీద సరిగ్గా కూర్చోవాలి, రెండిటి ఒత్తిడీ సమానంగా ఉండాలి.

గుండ్రటి అక్షరాల్లో మొదలైన చోటూ ముగిసిన చోటూ కలవకపోవడం ఇంకో రకం. ఇది మన తెలుగు అక్షరాలతో పని చేసేవాళ్ళని ఎక్కువ ఏడిపిస్తుంది, ఎందుకంటే మనకి సున్నాలు, మెలికలు, వత్తులు ఎక్కువ. ప్లాటర్ బ్లేడు మొన హోల్డర్ (బ్లేడు కూర్చునే గొట్టం) మధ్య గీతకి కొంచెం పక్కగా ఉంటుంది, అందుకే అది మలుపు తిరిగినప్పుడల్లా వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ దూరమే ఆఫ్‌సెట్. చాలా బ్లేడ్లకి 0.25 మిల్లీమీటర్లు, కొన్నిటికి 0.5 ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అంకె బ్లేడుకి సరిపోకపోతే మూలలు గుండ్రంగా అయిపోతాయి, లేదా మూల దగ్గర చెవుల్లా బయటికి పొడుచుకొస్తాయి, గీత చివర కలవదు. ఆఫ్‌సెట్ సరిచేసి, ఓవర్‌కట్ కొద్దిగా పెట్టి చూడండి, అప్పుడు బ్లేడు మొదలైన చోటు దాటి ఇంకొంచెం కోసి ఆగుతుంది. అప్పటికీ కలవకపోతే స్పీడు తగ్గించాలి. స్టెప్పర్ మోటారు మరీ వేగంగా తిప్పితే స్టెప్పులు తప్పుతుంది, పెట్టె మీద 600, 800 అని రాసి ఉన్నా అర అంగుళం అక్షరాలకి సెకనుకి 100 మిల్లీమీటర్లు దాటకపోవడమే మంచిది.

ఒక్కోసారి ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం, ఏ లెక్కా లేకుండా వదిలేస్తుంది. అప్పుడు హోల్డర్ బయటికి తీసి వెలుతురులో చూడండి, బ్లేడు మొన పక్కన జిగురుతో కలిసిన రేడియం పొట్టు ఇరుక్కుని ఉంటుంది. మా ఊరి ఎండాకాలంలో జిగురు మెత్తబడి ఇది మరీ ఎక్కువ. బ్లేడు హోల్డర్‌లో వేలితో తాకితే సులువుగా తిరగాలి, లోపలి చిన్న బేరింగ్‌లో దుమ్ము చేరి బిగుసుకుంటే మలుపుల దగ్గర కట్ పోతుంది. మొన విరిగిందా లేదా అన్నది కంటికి కనపడదు, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే తెలుస్తుంది. డబ్బాలో వచ్చిన బ్లేడ్లు అయితే చూడనక్కర్లేదు, పారేసి రోలాండ్ టైప్ 45 డిగ్రీల మంచి బ్లేడు ఒకటి కొనండి, ఈ హోల్డర్‌లో సరిపోతుంది. రిఫ్లెక్టివ్‌కి 60 డిగ్రీలది విడిగా పెట్టుకోండి. రిఫ్లెక్టివ్‌లో సన్నటి గాజు పూసలుంటాయి, దానికి వాడిన బ్లేడుతో మళ్ళీ మామూలు షీటు కోస్తే చిన్న అక్షరాలు రావు. మందం షీటుకి ఒకేసారి గట్టిగా కోయడం కంటే తక్కువ ఫోర్స్‌తో రెండు సార్లు తిప్పడం నయం.

బ్లేడు ఎంత బయటికి ఉండాలన్నది ఎవరూ సరిగ్గా చెప్పరు. ఏటీఎం కార్డు మందంలో సగం అనుకోండి, అంతకంటే తక్కువైనా పర్లేదు. హోల్డర్‌ని చేత్తో పట్టుకుని మీరు కోయబోయే షీటు ముక్క మీద గట్టిగా గీయండి. రేడియం తెగి పేపర్ మీద గీత మాత్రం పడితే సరైన లోతు, పేపర్ చీలితే బ్లేడు లోపలికి తిప్పాలి. ఆ తర్వాతే హోల్డర్‌ని మెషీన్‌లో బిగించి, 80 గ్రాముల నుంచి మొదలుపెట్టి పది పది చొప్పున ఫోర్స్ పెంచుకుంటూ టెస్ట్ కట్ చేయాలి. టెస్ట్ కట్‌లో పడిన చదరం పీకినప్పుడు శుభ్రంగా రావాలి, పేపర్ వెనక వైపు తడిమితే గీత జాడ లీలగా తెలియాలి. మెషీన్‌లో 500 దాకా ఉందని చెప్తారు, మామూలు రేడియానికి 150 దాటాల్సి వస్తోందంటే వేరే ఎక్కడో తప్పుందని అర్థం.

కొన్ని గీతలు మొత్తానికే లేకపోతే అది బ్లేడు సంగతి కాదు. ఫైలు చూడండి, కేబుల్ చూడండి. పొడవాటి చవక యూఎస్‌బీ కేబుల్, ఎర్తింగ్ లేని ప్లగ్గు ఉంటే రోల్ తిరిగేటప్పుడు పుట్టే స్టాటిక్‌కి డేటా మధ్యలో తెగిపోతుంది. ఫైలు విషయానికొస్తే, అను ఫాంట్లలో (డీటీపీ తెలుగు ఫాంట్లు) టైపు చేసి కోరెల్ డ్రాలో కర్వ్స్ చేసినంత మాత్రాన, అంటే అక్షరాలని గీతలుగా మార్చినంత మాత్రాన సరిపోదు. తలకట్టు, గుడి, వత్తు అన్నీ విడి విడి ముక్కలుగా ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. వెల్డ్ చేయకుండా, అంటే ఆ ముక్కల్ని ఒకటిగా కలపకుండా పంపితే ప్లాటర్ అక్షరం లోపలే అడ్డంగా కోసేస్తుంది, పీకేటప్పుడు తలకట్టు ఒకటి ఊడొస్తుంది, చూసేవాళ్ళకి కట్ సరిగా పడలేదనిపిస్తుంది. 'స్త్రీ' లాంటి అక్షరం రాసి వైర్‌ఫ్రేమ్‌లో (గీతలు మాత్రమే కనపడే వ్యూలో) చూడండి, ఎన్ని గీతలు ఒకదాన్నొకటి దాటుతున్నాయో కనపడుతుంది.

ఇంత రాశాక మెషీన్ మంచితనం కూడా చెప్పాలి. బాడీ గట్టిది, స్టాండ్ ఊగదు, స్ట్రిప్, బ్లేడు మార్చాక రోజంతా నడిపినా కట్ మారట్లేదు. విడిభాగాలు హైదరాబాద్‌లో సులువుగా దొరుకుతాయి, ఈ ధరలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. శబ్దం ఎక్కువ, అలవాటు పడాల్సిందే. మెషీన్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను, అమ్మినవాళ్ళ సర్వీసుకి ఒకటి. ఫోన్ ఎత్తారు కాబట్టి ఆ ఒకటి.

పెద్ద కంపెనీల సర్వో మోటారు మెషీన్‌తో (స్టెప్పర్ కంటే ఖచ్చితంగా తిరిగే మోటారుది) పోల్చి అడుగుతుంటారు. రోలాండ్ పాత మోడల్ జీఎస్-24కి ఫోర్స్ గరిష్ఠం 350 గ్రాములే, అయినా కోత శుభ్రంగా వస్తుంది, దీన్నిబట్టే ఫోర్స్ అంకె చూసి మెషీన్ కొనకూడదని తెలుస్తుంది. ప్రింట్ చేసిన స్టిక్కర్ల చుట్టూ కాంటూర్ కట్ (బొమ్మ అంచు వెంబడి కోయడం), కాలు అంగుళం అక్షరాలు మీ రోజువారీ పని అయితే డబ్బు కూడబెట్టుకుని సర్వో మెషీన్లకే వెళ్ళండి. బండ్ల పేర్లు, షాపు అద్దాలు, ట్రాలీ రిఫ్లెక్టివ్ వరకైతే ఇది చాలు. బేరం ఆడేటప్పుడు వంద రెండొందలు తగ్గించమనే బదులు రెండు స్పేర్ స్ట్రిప్పులు, ఒక అదనపు హోల్డర్ అడగండి, డబ్బు కట్టకముందే మీ సొంత తెలుగు ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి వాళ్ళ ముందే కట్ చేయించి, వేస్టు మీరే పీకి చూడండి.